గొడవ జరిగిన రాత్రి నుంచి తీర్పు కాపీ చేతికొచ్చేదాకా: క్రిమినల్ కేసు ఎలా నడుస్తుంది

నేను ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర గుమాస్తాగా చేస్తున్నా, అంటే వాదించేది ఆయన, ఫైళ్ళు మోసేది, నంబర్లు రాసుకునేది, పార్టీలకి వాయిదా ఫోన్లు కొట్టేది నేను. ఆఫీసుకొచ్చే జనం అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను చూసినంతలో చట్టం తెలియక కేసు పోగొట్టుకున్నవాళ్ళు తక్కువే, మొదటి రెండు రోజుల్లో కాగితం మీద ఏం పడిందో చూసుకోక, ఆ తర్వాత వాయిదాలకి రాక పాడుచేసుకున్నవాళ్ళే ఎక్కువ. సెక్షన్లు బట్టీ పట్టక్కర్లేదు, కాగితం, తారీఖు ఈ రెండూ గట్టిగా పట్టుకోండి, మిగతాది లాయరు చూసుకుంటాడు.

మన పల్లెల్లో రోజూ జరిగేదే ఒకటి తీసుకుందాం. పొలం గట్టు దగ్గర ఇద్దరు రైతులకి మాటా మాటా పెరిగింది, ఒకాయన పార కామతో ఇంకొకాయన నెత్తి మీద కొట్టాడు, కొట్టినాయన బావమరిది వచ్చి చంపేస్తామని బెదిరించాడు. ఇది ఎటు నుంచి ఎటు పోతుందో చూద్దాం, దెబ్బ తిన్నవాళ్ళ వైపు నుంచీ, పేరు పడ్డవాళ్ళ వైపు నుంచీ, ఎందుకంటే రేపు మీరు ఏ వైపు ఉంటారో ఎవరికి తెలుసు.

అసలు ఏ చట్టం

2024 జూలై 1 నుంచి మన దగ్గర మూడు పాత చట్టాలు పోయి మూడు కొత్తవి వచ్చాయి. 1860 నాటి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, ఏది నేరం ఎంత శిక్ష అనేది ఇందులో ఉంటుంది. 1973 నాటి సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత, బీఎన్ఎస్ఎస్ అంటాం, పోలీసులు కోర్టులు ఎలా నడవాలి అనేది ఇది. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ సాక్ష్య అధినియమం. గొడవ ఎప్పుడు జరిగిందనేదాన్ని బట్టి నేరం సెక్షన్ పడుతుంది, జూన్ 30 రాత్రి కొట్టుకుంటే ఐపీసీ, తెల్లారి కొట్టుకుంటే బీఎన్ఎస్, అందుకే కోర్టుల్లో ఇంకా చాలాకాలం రెండు రకాల నంబర్లూ వినబడతాయి. జనం నోట్లో నలిగిన 420 ఇప్పుడు 318(4), 302 ఇప్పుడు 103, 307 ఇప్పుడు 109, భర్త, అత్తింటివాళ్ళు వేధించే 498ఏ ఇప్పుడు 85. మా లాయరు గారే ఇంకా పాత నంబరు చెప్పి నాలిక కరుచుకుంటారు, కాబట్టి మీకు కన్‌ఫ్యూజ్ అయినా ఏం సిగ్గుపడక్కర్లేదు.

ముందు ఆస్పత్రి, తర్వాత స్టేషన్

నెత్తి పగిలితే ముందు గవర్నమెంట్ ఆస్పత్రికి పోండి, అక్కడ ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసు అయ్యే గాయం కింద రాసుకుంటారు, స్టేషన్‌కి వాళ్ళే కబురు పంపుతారు, పోలీసులు వచ్చి మీ దగ్గరే స్టేట్‌మెంట్ రాసుకుంటారు. డాక్టర్ అడిగినప్పుడు ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అనేది సరిగ్గా చెప్పండి. చాలామంది భయానికో పరువుకో "బండి మీద నుంచి పడ్డా" అని చెప్తారు, రెండు రోజులాగి కొట్టారని కంప్లైంట్ ఇస్తారు, మూడేళ్ళ తర్వాత అవతలి లాయరు ఆ ఆస్పత్రి రిజిస్టర్ తీసి కోర్టులో పెడతాడు, అక్కడితో కేసు సగం చచ్చిపోతుంది.

గాయం బట్టే సెక్షన్. ఊరికే చెంప దెబ్బ, నొప్పి వరకైతే బీఎన్ఎస్ 115(2), ఏడాది దాకా జైలు లేదా పది వేల దాకా ఫైను, లేకపోతే రెండూ. ఎముక విరిగినా, పన్ను ఊడినా, పదిహేను రోజులు మంచాన పడి సొంత పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయం కింద లెక్క, అది 117(2), ఏడేళ్ళ దాకా వెళుతుంది. ప్రమాదకరమైన వస్తువుతో కొడితే 118. అందుకే ఎక్స్‌రే, స్కానింగ్, గాయాల గురించి డాక్టర్ ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్ ఇవన్నీ ముఖ్యం. పన్ను ఊడిందని నోటితో చెప్తే సరిపోదు, డెంటల్ డాక్టర్ కాగితం ఉండాలి.

ఇక్కడ ఇంకో తేడా కూడా ఉంది. అన్ని నేరాలకీ పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టరు. కొన్నింటికి వాళ్ళంతట వాళ్ళే కేసు కట్టి విచారణ చేయొచ్చు, కొన్నింటికి మేజిస్ట్రేట్ పర్మిషన్ కావాలి. ఉత్త 115(2) ఒక్కటే ఉంటే అది రెండో రకం, జనరల్ డైరీలో రాసుకుని కోర్టుకి పొమ్మంటారు. "ఎస్సై గారు కేసు కట్టలేదు, అవతలోళ్ళ దగ్గర డబ్బు తిన్నాడు" అని తిట్టేముందు ఇది కనుక్కోండి, ఒక్కోసారి ఆయన తప్పేం ఉండదు. అన్నిట్లో ఒక్క సెక్షన్ మొదటి రకందైనా మొత్తం కేసుని పోలీసులే చూస్తారు.

కంప్లైంట్ రాయడం

దీని మీద కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే మొత్తం కేసుకి పునాది ఇదే. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర కూర్చుని ఎవరో పెద్దమనిషి రాసిచ్చేది కాదు ఇది, జరిగింది జరిగినట్టు మీ మాటల్లో రాయండి, చదువు రాకపోతే నోటితో చెప్పండి, వాళ్ళే రాసి మీకు చదివి వినిపించి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎవరు ఏం పట్టుకుని ఎక్కడ కొట్టారు, ఎవరు చూశారు, రాత్రి అయితే వెలుతురు ఎక్కడిది, గొడవకి కారణం ఏంటి, ఇవి ఉంటే చాలు. కంప్లైంట్ ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో కూడా రాయండి, ఆస్పత్రిలో ఉన్నా, ఊళ్ళో పెద్దలు మాట్లాడదాం అన్నారు, ఏదైతే అది. ఆలస్యం అయినంత మాత్రాన కేసు పోదు, కారణం చెప్పకపోతేనే అనుమానం వస్తుంది.

ఇక పెద్ద తప్పు ఒకటుంది, కొట్టింది ఒక్కడు, బెదిరించింది ఒక్కడు, కానీ కంప్లైంట్‌లో వాళ్ళింట్లో ఏడుగురి పేర్లూ పడతాయి, ముసలి తల్లి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు, అందరూ. కోపం అర్థం అవుతుంది గానీ, ఆ కొడుకు ఆ రోజు ఆఫీసులో ఉన్నట్టు అటెండెన్స్ తెచ్చి చూపిస్తే మీరు చెప్పిన మిగతా నిజం కూడా అబద్ధంలా కనబడుతుంది. అలాగే కర్రతో కొడితే కత్తి అని రాయొద్దు, డాక్టర్ సర్టిఫికెట్ దాన్ని బయటపెడుతుంది.

మన ఉదాహరణలో పోలీసులు కట్టే సెక్షన్లు ఇలా ఉంటాయి: కామతో కొట్టినందుకు 118(1), బెదిరించినందుకు 351(2), రెడ్ విత్ 3(5), అంటే 3(5)తో కలిపి. ఈ 3(5) అనేది పాత 34, అందరూ ఒకే ఉద్దేశంతో కలిసి చేశారు అని. అవతలోళ్ళు కూడా అదే రోజు వచ్చి మీ మీద కంప్లైంట్ ఇస్తారు, దీన్నే కౌంటర్ కేసు అంటాం, మన దగ్గర గట్టు తగాదాల్లో ఇది ఆనవాయితీ లాంటిది, దానికి బెదిరిపోకండి.

ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు, తర్వాత వాళ్ళే ఆ స్టేషన్‌కి పంపిస్తారు. ఆన్‌లైన్‌లో కూడా పంపొచ్చు, కానీ మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి, కంప్లైంట్ ఇచ్చిన మనిషికీ, బాధితుడికీ. కాపీ తీసుకోగానే మూడు చూడండి: క్రైం నంబరు, సెక్షన్లు, మీరు చెప్పింది చెప్పినట్టు ఉందా లేదా. అసలు కాగితం ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే? పోలీసులు కేసు కట్టదగ్గ నేరం అని తెలిశాక ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందే అని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టంలో ఒక వెసులుబాటు పెట్టారు, మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలకి డీఎస్పీ పర్మిషన్‌తో పద్నాలుగు రోజుల్లో ముందు విచారణ చేసుకోవచ్చు. అంతకు మించి తిప్పుతుంటే కంప్లైంట్ కాపీని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి, కమిషనరేట్ అయితే కమిషనర్‌కి, ఆ పోస్టు రసీదు పారేయకండి. అప్పుడూ కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో అఫిడవిట్‌తో పిటిషన్ వేస్తే ఆయన బీఎన్ఎస్ఎస్ 175(3) కింద కేసు కట్టి విచారించమని ఆర్డర్ వేయొచ్చు. ఈ వరస దాటి నేరుగా కోర్టుకి పోతే మొదటి ప్రశ్న "ఎస్పీకి పంపారా" అనే వస్తుంది.

ఆన్‌లైన్ మోసం అయితే దారి వేరే, ముందు 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఎంత తొందరగా ఆపితే అంత దక్కుతుంది. పనిలో పని, "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం" అని వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని ఎవడైనా చెప్తే ఫోన్ పెట్టేయండి, అలాంటి అరెస్ట్ మన చట్టంలో ఎక్కడా లేదు.

మీ పేరు పడితే

ఇప్పుడు అవతలి వైపు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది, "ఒకసారి రా మాట్లాడాలి" అని. వెంటనే ఊరు వదిలి పారిపోవడం అందరూ చేసే పని, దానికంటే పనికిమాలిన పని ఇంకోటి లేదు. ఏడేళ్ళ లోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు ముందు బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు ఇవ్వాలి, అంటే ఫలానా రోజు వచ్చి కనబడమని, పాత 41ఏ నోటీసు అంటే అందరికీ తెలుసు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద గట్టిగా చెప్పింది, అవసరం లేకుండా అరెస్ట్ చేయొద్దని. నోటీసు ప్రకారం వెళుతున్నంత కాలం, ప్రత్యేకంగా కారణం రాస్తే తప్ప అరెస్ట్ చేయకూడదు. వెళ్ళకపోతే అదే అరెస్టుకి కారణం అవుతుంది, మీకు మీరే తాళం ఇచ్చినట్టు. నోటీసు కాగితం మీద రావాలి, వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, అలా అని వాట్సాప్‌లో వచ్చింది కదా అని పట్టించుకోకుండా కూర్చోకండి, లాయర్‌ని తీసుకుని వెళ్ళి కాగితం అడిగి తీసుకోండి. వెళ్ళిన ప్రతిసారీ తారీఖు, టైం ఎక్కడో రాసి పెట్టుకోండి. అరవై దాటినవాళ్ళనీ, జబ్బుతో ఉన్నవాళ్ళనీ మూడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో డీఎస్పీ పర్మిషన్ లేకుండా అరెస్ట్ చేయకూడదు, మీ ఇంట్లో ముసలాయన పేరు పడితే ఇది గుర్తుపెట్టుకోండి.

నిజంగా అరెస్ట్ చేస్తే, ఎందుకు చేస్తున్నారో చెప్పాలి, మీరు చెప్పిన బంధువుకో స్నేహితుడికో కబురు పెట్టాలి, లాయర్‌ని కలవనివ్వాలి, ప్రయాణం టైం తీసేసి ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆడవాళ్ళని పొద్దుగూకాక, తెల్లారకముందు అరెస్ట్ చేయకూడదు, తప్పనిసరైతే మహిళా ఆఫీసర్ ముందుగా మేజిస్ట్రేట్ పర్మిషన్ తీసుకోవాలి.

మేజిస్ట్రేట్ గారు రిమాండ్ రిపోర్ట్, అంటే కస్టడీకి పంపమని పోలీసులు పెట్టే కాగితం, చూస్తూ తలెత్తి ఒక ప్రశ్న అడుగుతారు, "పోలీసులు ఏమన్నా ఇబ్బంది పెట్టారా, కొట్టారా" అని. పక్కనే కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు, మనవాళ్ళు నూటికి తొంభైమంది "లేదు సార్" అని తల ఊపేస్తారు. కొట్టి ఉంటే చెప్పాల్సింది ఆ నిమిషంలోనే, వారం తర్వాత బెయిల్ పిటిషన్‌లో రాస్తే "రిమాండ్ రోజు ఎందుకు చెప్పలేదు" అంటారు. అంతకుముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు కూడా ఒంటి మీద దెబ్బలుంటే చూపించండి.

పోలీసులకి ఇచ్చిన స్టేట్‌మెంట్ మీద మీరు సంతకం పెట్టక్కర్లేదు, బీఎన్ఎస్ఎస్ 181 అదే చెప్తుంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టులో ఒప్పుకోలు కింద చెల్లదు. కానీ ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, "కామ ఫలానా గడ్డివాములో దాచా" అని చెప్తే వాళ్ళు వెళ్ళి తీస్తే, అంతవరకు చెల్లుతుంది, కాబట్టి నోరు జాగ్రత్త. తెల్ల కాగితం మీద సంతకం మాత్రం ఎవరు అడిగినా పెట్టకండి.

బెయిలు, జామీనుదారులు

బెయిలబుల్ సెక్షన్లయితే బెయిల్ మీ హక్కు, స్టేషన్‌లోనే ఇస్తారు, ఎవరి కాళ్ళు పట్టుకోవాల్సిన పని లేదు. నాన్ బెయిలబుల్ అయితే కోర్టు ఇష్టం, ముందు మేజిస్ట్రేట్ కోర్టు, అక్కడ కాకపోతే దాని పైనున్న సెషన్స్ కోర్టు, ఆ తర్వాత హైకోర్టు, ఏపీ వాళ్ళకి అమరావతి, తెలంగాణ వాళ్ళకి హైదరాబాద్. అరెస్టుకి ముందే భయం ఉంటే బీఎన్ఎస్ఎస్ 482 కింద ముందస్తు బెయిల్, అది సెషన్స్‌లోనో హైకోర్టులోనో.

బెయిల్ ఆర్డర్ వచ్చిందని స్వీట్లు పంచేస్తారు, మనిషి మాత్రం బయటికి రాడు, ఎందుకంటే పూచీ ఉండే జామీనుదారులు, అంటే షూరిటీలు, రెడీగా లేరు. సాధారణంగా ఇద్దరిని అడుగుతారు, ఆధార్, ఫోటోలు, ఇంటి పన్ను రసీదు లాంటివి లేదా ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్, కోర్టుని బట్టి మారుతుంది కాబట్టి ముందురోజే కనుక్కోండి. షూరిటీలని కోర్టు ఒప్పుకున్నాక రిలీజ్ ఆర్డర్ జైలుకి పోవాలి, సాయంత్రం లేటైతే ఇక మర్నాడే. కోర్టు ఆవరణలో డబ్బు తీసుకుని జామీను పెట్టే బ్యాచ్ ఒకటి తిరుగుతుంటుంది, వాళ్ళ కాగితాలు దొంగవని తేలితే మీ బెయిలూ పోతుంది, కొత్త కేసూ నెత్తి మీదకి వస్తుంది. ఇంకోటి, మీరే ఎవరికైనా జామీను ఉంటే, ఆ మనిషి కోర్టుకి రాకపోతే బాండు డబ్బు మీ దగ్గర వసూలు చేస్తారు, మొహమాటానికి సంతకం పెట్టే పని కాదిది.

షూరిటీ పెట్టుకునే తాహతు లేనివాళ్ళు బెయిలబుల్ కేసులో వారంలోపు ఇవ్వలేకపోతే బీదవాళ్ళుగా లెక్కేసి సొంత పూచీ మీద వదలాలి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవల సంస్థది, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీ వాళ్ళకి, పిల్లలకి, వికలాంగులకి, కస్టడీలో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జనం ఫ్రీ లాయర్ అంటే చిన్నచూపు చూస్తారు గానీ, రిమాండ్ కేసుల్లో కొందరు బాగా పట్టుదలగా చేస్తున్నారు.

అరవై రోజుల లెక్క ఒకటి ఉంది, జైల్లో ఉన్నవాళ్ళ కుటుంబాలు ఇది తప్పక తెలుసుకోవాలి. మరణశిక్ష, జీవిత ఖైదు, పదేళ్ళు లేదా పైన శిక్ష పడే కేసుల్లో తొంభై రోజులు, మిగతావాటిలో అరవై రోజుల్లోపు పోలీసులు చార్జిషీట్, అంటే దర్యాప్తు ముగించి కోర్టులో వేసే రిపోర్టు, వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. రిమాండ్ పెట్టిన రోజుని కూడా కలిపి లెక్కపెట్టాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. అయితే పిటిషన్ మీరు వేయాలి, చార్జిషీట్ పడకముందే వేయాలి. ఆదివారమో సెలవో చూసుకుని "రేపు వేద్దాంలే" అనుకుంటే ఈలోపు చార్జిషీట్ పడిపోయి ఆ హక్కు గాల్లో కలిసిపోతుంది. క్యాలెండర్ మీద పెన్‌తో గుండ్రం చుట్టి పెట్టుకోండి.

బండో ఫోనో పోలీసులు తీసుకుంటే కేసు అయ్యేదాకా స్టేషన్ ముందు తుప్పు పట్టనివ్వకండి, బీఎన్ఎస్ఎస్ 503 కింద మధ్యంతర కస్టడీ పిటిషన్ వేస్తే ఆర్సీ కాగితాలు చూసి, బాండు రాయించుకుని ఇస్తారు. సీసీటీవీ ఫుటేజ్ మీకు అవసరమైతే వెంటనే ఐఓకి, అంటే కేసు దర్యాప్తు చేసే ఆఫీసర్‌కి, రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ డబ్బాల్లో కొన్నాళ్ళకి పాతది చెరిగిపోతుంది. ఫోన్‌లో వీడియో ఉంటే ఆ ఫోన్ అలాగే ఉంచండి, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన కాపీ ఒక్కటే మిగిలితే ఇబ్బంది, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

చార్జిషీట్ పడ్డాక

కోర్టు చార్జిషీట్ తీసుకుని నంబరు ఇస్తుంది. మేజిస్ట్రేట్ దగ్గరే తేలే కేసైతే సి.సి. నంబరు, సెషన్స్‌కి పోవాల్సిన హత్య లాంటిదైతే ముందు పి.ఆర్.సి. నంబరు, అక్కడి నుంచి సెషన్స్‌కి పంపాక, దాన్నే కమిట్ అవడం అంటాం, ఎస్.సి., అంటే సెషన్స్ కేసు నంబరు. స్టేషన్ క్రైం నంబరు వేరు, కోర్టు నంబరు వేరు, రెండూ కలిపి ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో పదహారు అంకెలూ అక్షరాలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో, పోయినసారి ఏం జరిగిందో కనబడుతుంది, మాలాంటి గుమాస్తాలకి రోజూ ఫోన్లు చేసే బాధ మీకూ తప్పుతుంది మాకూ తప్పుతుంది. బాధితుడికి కూడా విచారణ ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోపు పోలీసులు తెలియజేయాలని కొత్త చట్టంలో ఉంది, చెప్పకపోతే అడగండి.

సమన్లు వచ్చాక మొదటి వాయిదాకి లాయర్‌తో వెళ్ళి వకాలత్, అంటే ఈయనే నా లాయరు అని రాసిచ్చే కాగితం, వేయాలి, చార్జిషీట్, సాక్షుల స్టేట్‌మెంట్లు అన్నీ నిందితులకి ఉచితంగా ఇస్తారు. ఆ కాగితాలు చదివాక అసలు కేసే లేదనిపిస్తే విచారణ మొదలవకముందే వదిలేయమని డిశ్చార్జ్ పిటిషన్ వేయొచ్చు, లేదా హైకోర్టులో బీఎన్ఎస్ఎస్ 528 కింద క్వాష్‌కి, అంటే కేసే కొట్టేయమని, వెళ్ళొచ్చు. లేకపోతే జడ్జి గారు అభియోగం చదివి "ఒప్పుకుంటావా" అని అడుగుతారు. చిన్న కేసుల్లో ఎవడో ఒకడు చెవిలో ఊదుతాడు, "ఒప్పేసుకో, ఫైన్ కట్టి పోదాం" అని. ఫైన్ కట్టి పోవడం అంటే నేరం రుజువైనట్టే రికార్డులో పడటం, రేపు గవర్నమెంట్ ఉద్యోగం దరఖాస్తులో దాన్ని రాయాల్సి వస్తుంది, లాయర్‌ని అడక్కుండా ఆ మాట అనకండి.

వాయిదాల సంగతి. కోర్టు పదిన్నరకి మొదలవుతుంది, అటెండర్ బయటికొచ్చి పేరు పిలుస్తాడు, అప్పుడు మీరు క్యాంటీన్‌లో ఉంటే రానట్టే. రాలేని రోజున లాయర్‌కి ముందే చెప్తే ఆబ్సెంట్ పిటిషన్ వేస్తాడు, చెప్పకుండా ఎగ్గొడితే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది. వారెంట్ పడిందని తెలిస్తే పోలీసులు వచ్చేదాకా ఆగకుండా మీరే లాయర్‌తో వెళ్ళి వారెంట్ వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేసుకోండి, సొంతంగా వచ్చిన మనిషిని కోర్టు చూసే తీరు వేరుగా ఉంటుంది. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్ళినవాళ్ళు, ముఖ్యంగా 85, అంటే పాత 498ఏ కేసుల్లో, ఇక్కడ వాయిదాలు వదిలేసి అక్కడ హాయిగా ఉంటారు, తర్వాత ఎయిర్‌పోర్టులో లుకౌట్ సర్క్యులర్ తగులుకుంటుంది, పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి కోర్టు పర్మిషన్ కోసం మళ్ళీ ఇక్కడికే రావాలి. రోజూ రాలేనివాళ్ళు హాజరు మినహాయింపు పిటిషన్ వేసుకుంటే ముఖ్యమైన రోజులకి మాత్రం వస్తే సరిపోయేలా చేసుకోవచ్చు.

సాక్షి బోను

సాక్షిగా సమన్లు వస్తే జనం హడలిపోతారు, ఏదో నేరం చేసినట్టు. మీరు బోనెక్కాక మొదట ఏపీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, అడుగుతారు, తర్వాత అవతలి లాయరు క్రాస్ చేస్తాడు. మీరు తెలుగులోనే చెప్తారు, చాలా కోర్టుల్లో జడ్జి గారు దాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి పక్కన టైపిస్టుకి చెప్పి కొట్టిస్తారు. మీరు "పక్కనుంచి కొట్టాడు" అన్నది "వెనకనుంచి" అని పడొచ్చు, అందుకే అంతా అయ్యాక మీకు చదివి వినిపించమని అడిగే హక్కు ఉంది, తప్పుంటే అక్కడే చెప్పి దిద్దించుకోండి, సంతకం పెట్టాక గింజుకుని లాభం లేదు.

క్రాస్‌లో ఎక్కువగా అడిగేది ఇదే, "ఈ మాట నువ్వు పోలీసులకి చెప్పలేదు కదా, ఇవాళే కొత్తగా చెప్తున్నావు కదా" అని. మొదటి కంప్లైంట్ అంత జాగ్రత్తగా రాయమన్నది దీనికోసమే. తెలియనిది తెలియదు అనండి, గుర్తులేనిది గుర్తులేదు అనండి, అడిగిన దానికే సమాధానం చెప్పండి, లాయర్ రెచ్చగొడితే ఆయన మీద అరవకండి, మీరు అరవాలనే ఆయన అలా అడుగుతున్నాడు. నిందితుడికైతే చివర్లో జడ్జి గారు సాక్షులు చెప్పినవి ఒక్కొక్కటీ చెప్పి ఏమంటావని అడుగుతారు, ప్రమాణం లేకుండా, అందరూ "అబద్ధం సార్" అని ముగించేస్తారు, చెప్పుకోవాల్సింది ఉంటే రాసి ఇవ్వొచ్చని చాలామందికి తెలియదు.

మన గట్టు కేసు లాంటివి చాలావరకు విచారణకి వచ్చేసరికి ఊళ్ళో రాజీ అయిపోయి ఉంటాయి. అప్పుడు సాక్షులు వచ్చి "నాకేం తెలియదు" అని అడ్డం తిరుగుతారు, ఏపీపీ గారు వాళ్ళని హోస్టైల్ అని ప్రకటిస్తారు, ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం తప్ప ఇందులో ఇంకేం లేదు. దానికంటే చట్టప్రకారం రాజీ చేసుకోవడం మేలు. 115(2), 351(2) లాంటివి బాధితుడు ఒప్పుకుంటే రాజీ అవుతాయి, 318(4) మోసం లాంటి వాటికి కోర్టు పర్మిషన్ కావాలి, కొన్నింటికి కింది కోర్టులో అసలు కుదరదు, వాటికి హైకోర్టుకి వెళ్ళి క్వాష్ చేయించుకోవాలి, అదీ రేప్, హత్య లాంటి వాటికి కుదరదు. లోక్ అదాలత్ రోజున ఇద్దరూ ఆధార్ కార్డులతో వస్తే రాజీ పడదగ్గవి ఒక్క పూటలో అయిపోతాయి, రాజీ పడితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క.

తీర్పు వచ్చాక

శిక్ష పడగానే ఏడుస్తూ కూలబడకండి. మూడేళ్ళ లోపు శిక్ష అయి మీరు అప్పటికే బెయిల్ మీద ఉంటే, అప్పీల్‌కి వెళ్ళడానికి అదే కోర్టు శిక్ష ఆపి బెయిల్ ఇవ్వొచ్చు, కాబట్టి తీర్పు రోజున షూరిటీలని వెంటపెట్టుకుని రండి, మా లాయరు గారు ప్రతి పార్టీకీ ఇది చెప్పమంటారు, సగం మంది వినరు. మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్‌లో అప్పీల్‌కి ముప్పై రోజులు గడువు, జైలు శిక్ష పడితే తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలి. మొదటిసారి చిన్న నేరం అయితే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద జైలు లేకుండా మంచి నడవడిక బాండు మీద వదలమని అడగొచ్చు. నిందితుడిని వదిలేశారని బాధితుడికి అన్యాయం అనిపిస్తే ప్రభుత్వం కోసం ఎదురుచూడక్కర్లేదు, బీఎన్ఎస్ఎస్ 413 కింద ఆయనే అప్పీల్ వేసుకోవచ్చు.

కేసు కొట్టేశారని అందరూ సంతోషంగా వెళ్ళిపోతారు, ఆ తర్వాత పాస్‌పోర్టుకో ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు స్టేషన్ రికార్డులో ఇంకా పెండింగ్ అని కనబడుతుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి రెండు మూడు తీసుకోండి, ఒకటి స్టేషన్‌లో ఇచ్చి రికార్డులో ఎక్కించమని రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి, బెయిల్ అప్పుడు షూరిటీల ఒరిజినల్ కాగితాలు కోర్టులో ఏమన్నా ఉండిపోతే వాటికి కూడా అదే రోజు పిటిషన్ పెట్టించండి.